ఇంటి పనిముట్టు లోకమునకు వచ్చిన విధము

ఏటేట ఆవకాయ పెట్టు ఇల్లాలిని పాళ్లు అడిగినచో, "ఆ పెద్ద గిన్నెతో రెండు, ఆ చిన్న గిన్నెతో ఒకటి" అని చెప్పును. ఆ ఇంటివారికి అది చాలును. పొరుగూరివారి వద్ద ఆ గిన్నెలు లేవు. వారికి చెప్పవలెనన్న గిన్నెల మాట తీసివేసి, అందరికిని తెలిసిన కొలతలలో చెప్పవలసి యుండును. కంపెనీలు తమ లోపలి వాడుకకై చేసికొనిన కంప్యూటరు ప్రోగ్రాములను బయటివారికి ఇయ్యదలచినపుడు వచ్చు చిక్కు ఇట్టిదే. ప్రోగ్రాము మూలపాఠమును ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనుటకు వీలుగా విడుదల చేయుటకు ఓపెన్ సోర్స్ అని పేరు. ఆ పేరు 1998 ఫిబ్రవరిలో పుట్టినది.

అదే సంవత్సరము జనవరి 22వ తేదీన నెట్‌స్కేప్ అను అమెరికా కంపెనీ తన బ్రౌజరు మూలపాఠమును బయటపెట్టుదుమని ప్రకటించి, మార్చి 31న ఆ మాట నిలుపుకొనెను. నడుమ గడచిన కాలము పది వారములకు లోపే. ఆ బ్రౌజరులో ఇతర కంపెనీలనుండి తెచ్చి అమర్చిన భాగములు 75కు పైగా ఉండెను. వానిని లోకమునకు పంచిపెట్టు హక్కు నెట్‌స్కేప్‌కు లేదు. ఒక్కొక్క కంపెనీని అడుగవలెను. ఒప్పుకొననిచో ఆ భాగమును తీసివేయవలెను. రహస్యలిపికి సంబంధించిన భాగములను ఎగుమతి చేయుటకు నాటి అమెరికా నిబంధనలు అడ్డు వచ్చుటచే వానిని కూడ తొలగించిరి. ప్రోగ్రాము వ్రాసినవారు పంక్తుల నడుమ తమకై వ్రాసికొనిన వ్యాఖ్యలలో మోటుమాటలు కొన్ని ఉండెను. వానిని సైతము ఏరివేయవలసి వచ్చినది! తలుపు తీయుటకు ముందు ఇల్లు సర్దుకొనుట యనగా ఎంత పనియో లోకమునకు మొదట తెలిపినది ఈ ఉదంతమే యనవచ్చును.

తరువాత పదునైదు సంవత్సరములకు ఫేస్‌బుక్ కంపెనీ అట్టి పనికే పూనుకొనెను. అది బయటికి ఇచ్చిన పనిముట్టు పేరు రియాక్ట్. వెబ్ పుటలలో మనకు కనబడు మీటలు, పట్టికలు, పెట్టెలు మొదలగువానిని కట్టుటకు ఉపయోగించు సామగ్రి యది.

రియాక్ట్ ఏ చిక్కును తీర్చుటకు పుట్టినదో ముందు గ్రహింపవలెను. బ్రౌజరు ఒక పుటను చూపునపుడు దానిని తలక్రిందులుగా నిలిపిన చెట్టువలె జ్ఞాపకముంచుకొనును. పుట వేరు, అందలి పెట్టెలు కొమ్మలు, పెట్టెలోని అక్షరములు ఆకులు. ఒక క్రొత్త సందేశము వచ్చినదనుకొందము. సందేశముల జాబితాలో ఒక వరుస చేరవలెను, పైన ఉన్న లెక్క ఒకటి పెరుగవలెను, మూలనున్న చిన్న కిటికీలో కూడ అది కనబడవలెను. పాత పద్ధతిలో ఈ మూడు మార్పులను ప్రోగ్రాము వ్రాయువాడే విడివిడిగా చెప్పవలెను. ఒకటి మరచెనా, చదువవలసిన సందేశము లేకున్నను "1" అను అంకె అట్లే నిలిచియుండును. ఫేస్‌బుక్‌లో ఇట్టి దొంగ అంకె ఒకటి ఎన్నిసార్లు సవరించినను మరల మరల వచ్చి ఇంజనీర్లను విసిగించినదని వారే 2014లో ఒక సభలో చెప్పుకొనిరి.

ఆ కంపెనీ ఇంజనీరు జోర్డన్ వాక్ 2011లో వేరు మార్గము త్రొక్కెను. పుటలో ఏది మారవలెనో ప్రోగ్రాము చెప్పనక్కరలేదు. ఇప్పటి సమాచారమునుబట్టి పుట మొత్తము ఎట్లుండవలెనో చెప్పిన చాలును. యంత్రము ఆ క్రొత్త చెట్టు యొక్క నకలును జ్ఞాపకములోనే గీసి, పాత నకలుతో సరిపోల్చి, భేదమున్న చోటనే అసలు పుటను తాకును. చిత్తుప్రతిని శుద్ధప్రతితో పోల్చి, తేడా ఉన్న పంక్తులనే దిద్దు గుమాస్తా పని వంటిది.

వినుటకు ఇది తేలికగా ఉన్నది గాని, లెక్క వేసినచో భయము పుట్టును. ఏ రెండు చెట్లనైనను పోల్చి అతి తక్కువ మార్పులను కనుగొను సాధారణ పద్ధతులలో పని, కొమ్మల సంఖ్య యొక్క ఘనమునుబట్టి పెరుగును. పుటలో 1,000 అంశములున్నచో సుమారు 100 కోట్ల పోలికలు! రియాక్ట్ రెండు ఊహలతో ఈ కొండను తప్పించుకొన్నది. రెండు కొమ్మల జాతి వేరైనచో లోపల వెదుకక మొత్తము మార్చివేయుట ఒకటి. జాబితాలోని ప్రతి అంశమునకు ఒక గుర్తు ఇమ్మని ప్రోగ్రాము వ్రాయువానినే అడుగుట రెండవది. తరగతిలో పిల్లలు స్థలములు మారి కూర్చున్నను, హాజరుపట్టీ సంఖ్యనుబట్టి ఎవరు ఎవరో తెలియును గదా. ఈ ఊహలతో 1,000 అంశములకు పోలికలు కూడ వేల లెక్కలోనే ముగియును. ఇందు లోపము లేకపోలేదు. అతి తక్కువ మార్పులే దొరకునను హామీ పోయినది. కాని వెబ్ పుటలకు ఆ హామీతో పని లేదని వాడుక తేల్చినది.

2012 వరకును ఇది ఇంటి పనిముట్టే. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ఫోటోల సంస్థయగు ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పుకొనెను. ఇన్‌స్టాగ్రామ్ వెబ్ పుటలను కట్టు పనిలో చేరిన పీట్ హంట్ అను ఇంజనీరు అక్కడ రియాక్ట్‌ను వాడదలచెను. అప్పుడు గిన్నెల చిక్కు బయటపడినది. ఫేస్‌బుక్ తన పుటలను పీహెచ్‌పీ భాషలో, తన సొంత ఏర్పాట్లతో నడుపుచుండెను. ఇన్‌స్టాగ్రామ్ పైథాన్ భాషపై, జాంగో అను చట్రముపై నడుచుచుండెను. ఒకే యజమాని క్రింద నున్న రెండు ఇండ్లలో కూడ గిన్నెలు వేరు! రియాక్ట్‌ను ఫేస్‌బుక్ గోడలనుండి విడదీయవలసిన అవసరము ఇట్లు కలిగినది. లోకోపకారమను ఉద్దేశముకంటె ఈ అక్కరయే ఆ పనికి దారి తీసినదని గమనింపవలెను. ఒకచోట విడదీసిన తరువాత బయటికి ఇచ్చుట సగము సులభమైనది.

మిగిలిన సగము మాటేమి? ఫేస్‌బుక్ లోపల ఒక ఫైలు మరియొక ఫైలును పేరుపెట్టి పిలిచిన చాలును. అది ఏ అరలో ఉన్నను యంత్రము వెదకి తెచ్చును. కనుక లోపల ఏ రెండు ఫైళ్లకును ఒకే పేరు ఉండరాదు. బయటి లోకములో అట్లు కాదు, ఫైలు ఉన్న త్రోవ అంతయు చెప్పవలెను. ఫేస్‌బుక్ వారు లోపలి వ్రాతను మార్చక, విడుదల సమయమున పేర్లను త్రోవలుగా మార్చు చిన్న ప్రోగ్రాము నొకదానిని పెట్టుకొనిరి. ఇందువలన లోపల నడుచునదియు బయటికి వచ్చునదియు ఒకే మూలపాఠమైనది. ఇది చిన్న విషయముగా తోచును గాని, చాల కంపెనీలు ఇచ్చటనే తప్పటడుగు వేసినవి. బయటికి ఒక ప్రతి ఇచ్చి లోపల వేరొక ప్రతిని పెంచుకొనినచో, బయటి ప్రతి కొలదికాలములోనే పాడుపడిన బావి యగును.

పుటలోని పెట్టెలను ప్రోగ్రాములోనే గుర్తులతో వ్రాయుటకు జేఎస్‌ఎక్స్ అను పద్ధతి రియాక్ట్‌తో కూడ వచ్చినది. 2010లో ఫేస్‌బుక్ పీహెచ్‌పీ భాషకై బయటికి ఇచ్చిన ఎక్స్‌హెచ్‌పీ దీనికి మాతృక. బ్రౌజరుకు ఈ వ్రాత నేరుగా అర్థము కాదు, ముందుగా మార్చవలెను. లోపలివారికి ఆ మార్పు తెరచాటున జరిగిపోవును. బయటి విద్యార్థికి ఆ వసతి లేదు గనుక, బ్రౌజరులోనే మార్పు చేయు చిన్న సాధనమును జోడించిరి. ప్రోగ్రాములో తప్పులున్నచో హెచ్చరించు ప్రతి యొకటి, హెచ్చరికలు తీసివేసి కుదించిన ప్రతి యొకటి వేరువేరుగా ఇచ్చిరి. పాఠములు, ఉదాహరణలు వ్రాసిరి.

2013 మే 29న అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున అమీలియా ద్వీపములో జరిగిన సభలో జోర్డన్ వాక్, టామ్ ఒక్కినో రియాక్ట్‌ను ప్రకటించిరి. సభికులు మెచ్చలేదు. పుట గుర్తులు వేరు, ప్రోగ్రాము వేరు అని సంవత్సరములుగా బోధింపబడినవారికి రెండును ఒకే ఫైలులో కలిపి వ్రాయుట అపచారముగా తోచినది. ఆ సెప్టెంబరులో బెర్లిన్ నగరమున జరిగిన సభలో పీట్ హంట్ ఈ అభ్యంతరములకు సమాధానము చెప్పిన తరువాత గాని గాలి మళ్లలేదు. బయటివారిలో మొదట వాడిన సంస్థలలో విద్యాబోధన చేయు ఖాన్ అకాడమీ ఒకటి.

కాని ఈ చరిత్రలో అసలు పరీక్ష ప్రోగ్రాముకు కాదు, దానితో ఇచ్చిన కాగితమునకు వచ్చినది. మూలపాఠమును చూపినంతనే హక్కు ఇచ్చినట్లు కాదు. ఏ షరతుపై వాడుకొనవచ్చునో చెప్పు లైసెన్సు ఉండవలెను. మొదట అపాచీ లైసెన్సుతో వచ్చిన రియాక్ట్‌కు 2014 అక్టోబరులో ఫేస్‌బుక్ వేరు లైసెన్సు పెట్టెను. బీఎస్‌డీ అను సరళమైన లైసెన్సుకు పేటెంటుల గురించిన ఒక పత్రము జతచేసెను. రియాక్ట్‌కు సంబంధించిన ఫేస్‌బుక్ పేటెంటులను వాడుకొను హక్కు ఆ పత్రము ఇచ్చుచున్నది. అయితే పేటెంటు విషయమున ఫేస్‌బుక్‌పై వ్యాజ్యము వేసినవారికి ఆ హక్కు రద్దగును. ఆ వ్యాజ్యము రియాక్ట్‌కు సంబంధించినదే కానక్కరలేదు. చిన్న కంపెనీ యొకటి తాను కనిపెట్టిన మరేదో వస్తువును ఫేస్‌బుక్ అనుకరించినదని కోర్టుకు వెళ్లినను, తన పుటలకు ఆధారమైన పనిముట్టుపై పేటెంటు రక్షణ పోగొట్టుకొనును. 2015లో ఈ మాటలను కొంత సడలించిరి గాని మూలము మారలేదు.

2017 జూలైలో అపాచీ ఫౌండేషన్ ఈ లైసెన్సు తమ ప్రోగ్రాములలో చేర్చదగనిదని నిర్ణయించెను. నిరాధారమైన పేటెంటు వ్యాజ్యములనుండి రక్షణకే ఈ షరతు పెట్టితిమి, మార్చము అని ఆగస్టులో ఫేస్‌బుక్ బదులు చెప్పెను. సెప్టెంబరు 14న వర్డ్‌ప్రెస్ స్థాపకులలో ఒకరైన మ్యాట్ మల్లెన్‌వెగ్, తమ ప్రోగ్రాములలో రియాక్ట్ వాడుట మానుకొందుమని ప్రకటించెను. నాడు లోకములోని వెబ్‌సైట్లలో నాలుగవ వంతుకు పైగా వర్డ్‌ప్రెస్‌పై నడుచుచుండెను గనుక ఇది సామాన్యమైన మాట కాదు. ఎనిమిది దినములు తిరుగకముందే, అనగా సెప్టెంబరు 22న, ఫేస్‌బుక్ తన పట్టు విడిచెను. సెప్టెంబరు 26న వచ్చిన 16వ రూపము ఎంఐటీ లైసెన్సుతో వెలువడినది. ఆ లైసెన్సు రెండువందల మాటలకు మించదు. వాడుకొనుము, మార్చుకొనుము, ఈ కాగితమును మాత్రము వెంట ఉంచుము, నష్టము వచ్చినచో మాది బాధ్యత కాదు అనుటయే దాని సారము. ఆ 16వ రూపములో లోపలి యంత్రాంగమును మొత్తము క్రొత్తగా వ్రాసిరి. వాడుకరులలో చాలమంది ఆ సంగతికంటె లైసెన్సు మారిన సంగతినే ముందు వినిరి.

ఇంత జరిగినను పనిముట్టు ఎటు పోవలెనో నిర్ణయించు అధికారము మాత్రము కంపెనీ చేతిలోనే నిలిచినది. 2021లో మెటా అని పేరు మార్చుకొనిన ఆ కంపెనీ, రియాక్ట్‌ను లైనక్స్ ఫౌండేషన్ నీడన ఏర్పడు రియాక్ట్ ఫౌండేషన్‌కు అప్పగింతుమని 2025 అక్టోబరులో ప్రకటించెను. అమెజాన్, మైక్రోసాఫ్ట్, వెర్సెల్ మొదలగు కంపెనీలు అందు మెటాతోపాటు స్థాపక సభ్యులు.