పోయిన గాలిని కొలిచేదెలా? రేడాన్ లెక్క వెనక కథ

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒకాయనకి అరవై ఏళ్ల వయసులో లంగ్ క్యాన్సర్ వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట పీల్చిన గాలి వల్లే వచ్చిందా అని తేల్చాలి. ఆ గాలి ఇప్పుడు లేదు. మరి దేన్ని కొలుస్తాం?

ఆ గాలిలో ఉన్న అనుమానితుడు రేడాన్. రంగు, వాసన లేని వాయువు. నేలలోని యురేనియం క్షీణిస్తూ పోతే పుడుతుంది.

జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల్లో కార్మికులు ఏదో ఊపిరితిత్తుల జబ్బుతో పోయేవాళ్లు. జనం "కొండ జబ్బు" అనేవారు. అది ఊపిరితిత్తుల్లో కణితి అని 1879లో హార్టింగ్, హెస్సే అనే డాక్టర్లు తేల్చారు. అప్పటికి రేడియోధార్మికత అన్న సంగతే ఎవరికీ తెలీదు!

ఇప్పుడు అమెరికా, కొలరాడో పీఠభూమి. అణుబాంబులకి యురేనియం కావాలి. గనుల్లో దిగినవాళ్లలో చాలామంది నవాహో తెగవాళ్లు. 1950లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ వీళ్ల మీద అధ్యయనం మొదలుపెట్టింది. ప్రమాదం సంగతి మాత్రం వాళ్లకి చెప్పలేదు.

కొలవడంలో ఒక చిక్కుంది. పీల్చిన రేడాన్ చాలావరకు తిరిగి బయటికి వచ్చేస్తుంది. అసలు దెబ్బ దాని నుంచి పుట్టే పొలోనియం లాంటివి కొడతాయి. అవి దుమ్ముకి అంటుకుని ఊపిరితిత్తుల్లో ఉండిపోతాయి. అందుకే వాటి శక్తిని కొలవడానికి "వర్కింగ్ లెవెల్" అనే కొలత పెట్టారు. ఆ గాలిలో 170 గంటలు, అంటే దాదాపు ఒక నెల పనిచేస్తే ఒక "వర్కింగ్ లెవెల్ మంత్". కూలి లెక్కలాగే, రేటు ఇంటూ గంటలు.

కానీ చాలా గనుల్లో ఏళ్ల తరబడి కొలతే తీయలేదు. పక్క గని కొలతతోనో, వేరే ఏడాది కొలతతోనో ఖాళీలు నింపారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లాగ్స్ లేని సిస్టమ్‌లో బగ్ వెతకడమే. 1990లో పరిహార చట్టం వచ్చింది. పొగతాగని కార్మికుడైనా 200 వర్కింగ్ లెవెల్ మంత్స్ రుజువు చూపాలన్నారు. ఎవరో రాయని రిజిస్టర్‌కి ఇతనా జవాబుదారీ? 2000లో సవరించి, ఏడాది పనిచేసినట్టు చూపినా చాలన్నారు.

ఇళ్లల్లో ఇంకా కష్టం. చిన్న ప్లాస్టిక్ ముక్కని ఏడాది పాటు గదిలో ఉంచుతారు. ఆల్ఫా కణాలు దాని మీద గీతలు గీస్తాయి, వాటిని లెక్కపెడతారు. కానీ మనుషులు ఇళ్లు మారతారు కదా! అందుకే అయోవాలో ఒకే ఇంట్లో కనీసం 20 ఏళ్లున్న ఆడవాళ్లనే ఎంచుకున్నారు. ఇంకో ఉపాయం నాకు భలే నచ్చింది: పాత ఫోటో ఫ్రేమ్ అద్దం. రేడాన్ నుంచి పుట్టిన సీసం అద్దంలోకి దిగి దశాబ్దాలు ఉంటుంది. ఇల్లు మారినా అమ్మమ్మ ఫోటో వెంటే వస్తుంది, పాత గాలి లెక్కతో సహా.

2005లో 13 యూరప్ అధ్యయనాలని కలిపి చూశారు. ఘనపు మీటరుకి 100 బెక్వెరెల్స్ పెరిగితే క్యాన్సర్ ముప్పు 8.4 శాతం పెరిగింది. ఏడాది కొలతని ముప్పై ఏళ్లకి అంటగట్టడంలోని తప్పుని సరిచేశాక? 16 శాతం! కొలత వదులైతే ముప్పు చిన్నగా కనిపిస్తుంది. "ఆధారం బలహీనంగా ఉంది" అని వింటే, "ముప్పు లేదు" అని అనుకోకండి. ముందు ఎలా కొలిచారో అడగండి.

పొగతాగేవాళ్లకి రేడాన్ ముప్పు చాలా రెట్లు ఎక్కువ. ఆ ఒక్కటి మన చేతిలో ఉంది.