తక్కువ ఖర్చు గేమింగ్ కంప్యూటరుకు ప్రాసెసర్ ఎంపిక: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్

విడిభాగాలు కొని కూర్చుకునే గేమింగ్ కంప్యూటరులో ప్రాసెసర్ లెక్కలు చేసే ప్రధాన చిప్పు. ఆటలో ప్రత్యర్థుల కదలిక, తూటా పోయే దారి, వస్తువులు ఢీకొనే తీరు అది లెక్కగడితే, ఆ ఫలితాన్ని తెరమీద బొమ్మగా చూపే పని గ్రాఫిక్స్ చిప్పుది. సొమ్ము పరిమితమైనప్పుడు పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలన్నది అంతటా చెల్లే సూత్రం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో ఆ సూత్రానికి దూరమనే షరతు తోడవుతుంది. విడిభాగాలకు పేరుపడ్డ సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇక్కడికి నూరు కిలోమీటర్లకు పైబడి ఉంది. గద్వాలకూ, వనపర్తి రోడ్డు స్టేషనుకూ రైలైనా ఉంది, నాగర్‌కర్నూలు పట్టణానికి అదీ లేదు. అందువల్ల ఒక భాగం చెడినా యంత్రాన్ని నడవనిచ్చే ప్రాసెసరే ఇక్కడివారికి మేలైనది.

ఈ దృష్టితో చూస్తే మొదట గమనించవలసింది పేరు చివరి అక్షరం. ఇంటెల్ 2022 జనవరిలో విడుదల చేసిన కోర్ ఐ3-12100ఎఫ్‌లో నాలుగు కోర్లు, అంటే నాలుగు స్వతంత్ర గణన విభాగాలు, ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనుల వరుసలు, ఉండి ధరకు తగిన వేగమిస్తుంది గాని, ‘ఎఫ్’ అన్న గుర్తున్న రకాలలో అంతర్గత గ్రాఫిక్స్ ఉండవు. కార్డు పాడైతే తెరమీద ఏమీ రాదు, లోపం కార్డుదో మదర్‌బోర్డుదో తేల్చడమూ కష్టమవుతుంది. ఎఫ్ లేని 12100లో యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఉన్నందున, అవి పెద్ద ఆటలకు చాలకపోయినా, కార్డు మరమ్మతుకు వెళ్ళిన రోజుల్లో చదువూ పనీ ఆగవు.

కార్డు కొనే సొమ్ము ఇంకా చేతికి రానివారికి ఏఎండీ 2021లో తెచ్చిన రైజెన్ 5 5600జి తగినది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లతో పాటు ఇందులోని వేగా గ్రాఫిక్స్ వాలొరంట్ వంటి తేలికపాటి ఆటలను బాగానే ఆడిస్తాయి. అంతర్గత గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటాయి కనుక 16 జీబీని ఒకే పలకగా కాక 8 జీబీ పలకలు రెండుగా వేయడం తప్పనిసరి; దీన్నే డ్యూయల్ చానల్ అంటారు. 5600జి లోటు క్యాష్‌లో ఉంది: తరచూ కావలసిన సమాచారాన్ని చేరువలో దాచే ఆ జ్ఞాపకం ఇందులో మూడో అంచెన 16 ఎంబీ, అంతర్గత గ్రాఫిక్స్ లేని రైజెన్ 5 5600లో 32 ఎంబీ. శక్తిమంతమైన కార్డు జతచేసిన నాడు 5600 ముందుంటుంది. అయినా, కార్డు లేకున్నా చెడినా నడుస్తుంది కనుక ఈ పట్టణాలకు 5600జియే సముచితం.

సాకెట్, అంటే మదర్‌బోర్డుపై ప్రాసెసర్ కూర్చునే గూడు, తర్వాతి మార్పులకు హద్దు గీస్తుంది. పై రెండు రైజెన్‌లూ కూర్చునే ఏఎం4 సాకెట్ బోర్డులో 96 ఎంబీ క్యాష్ గల 5700ఎక్స్‌3డీ వరకూ ఎదగవచ్చు. దాని తర్వాతి ఏఎం5 సాకెట్ బోర్డులు కొత్త తరం డీడీఆర్5 ర్యామ్‌నే స్వీకరిస్తాయి కనుక మొదటి ఖర్చు పెరుగుతుంది. ఏఎం4లోనే పాత బీ450 బోర్డు చవకగా దొరికినా, దాని బయాస్‌ను, అంటే బోర్డును మేల్కొలిపే మూల సాఫ్ట్‌వేరును, నవీకరించకుంటే 5600జి మొదలే కాదు. ఆ పని అంగట్లోనే చేయించుకొని తెచ్చుకోవడం శ్రేయస్కరం.

ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో, వేడి మితిమీరితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 65 వాట్ల రకమైన 5600జికి పెట్టెలోనే చల్లబరిచే కూలర్ వస్తుంది. ‘కె’ అక్షరంతో ముగిసే ఇంటెల్ రకాలకు దాన్ని విడిగా కొనాలి.