వసతిగృహం – విద్యార్థి వికాసం: పామిడి నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

పెన్నా తీరాన, అనంతపురం–గుత్తి మార్గంలో ఉన్న పామిడి కరవు సీమలోని పట్టణం. 1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల ఏర్పడడంతో ఇటువంటి ఊళ్లకు ఉన్నతవిద్య చేరువైంది. అయితే వానలు లేని ఏడు చదువు సాగాలంటే ప్రవేశంతోపాటు కూడు, గూడు కూడా అవసరం. అందువల్ల తెలుగునాట విద్యార్థి సహజీవన చరిత్రను వసతిగృహాలలోనే వెదకవలసి ఉంటుంది.

1776లో ఫై బీటా కప్పాతో మొదలైన అమెరికా విద్యార్థి సోదరసంఘాలు తమ సభ్యులను తామే ఎంపిక చేసుకునేవి. తెలుగునాట తొలినాళ్లలో ఆ ఎంపికకు తరచు కులమే ప్రాతిపదిక. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టలు ఇందుకు నిదర్శనం. సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా పనిచేశారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో అది తెలుగు పఠనానికి, చర్చకు ఆశ్రయమైంది. అక్కడ ఉండి చదివిన రావి నారాయణరెడ్డి అనంతరకాలంలో భూస్వామ్య వ్యతిరేక పోరాటానికి నాయకత్వం వహించారు. అంటే, అక్కడి సహవాసం విద్యార్థిని కులపు గడప దాటించగలిగింది. ప్రవేశద్వారం మాత్రం ఇరుకుగానే ఉండిపోయింది.

ఆ ద్వారాన్ని దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాలకు తెరిచినవి ప్రభుత్వ సంక్షేమ వసతిగృహాలు. అయితే పఠనం, చర్చ, స్వయంనిర్వహణ కొరవడితే వసతిగృహం భోజనశాలగానే మిగులుతుంది. పామిడి వంటి ఊళ్ల విద్యార్థికి విశాలమైన ద్వారమూ, లోపల గ్రంథాలయమూ రెండూ అవసరమేనని ఈ చరిత్ర సూచిస్తున్నది.