చామెకాంబ శాసనము: ప్రణయమా, రాజతంత్రమా?

విజయవాడ మల్లేశ్వరాలయమున వేంగీ రాజగు యుద్ధమల్లుని మధ్యాక్కరలు చెక్కిన స్తంభమునెదుట నిలిచినప్పుడెల్ల నాకొక్క సందేహమే కలుగుచుండును. మొదటి అమ్మరాజు గతించిన పిమ్మట ఒకడు 15 దినములును, తాళరాజు ఒక్క మాసమును, విక్రమాదిత్యుడు 11 మాసములును మాత్రమే నిలువగలిగిన వేంగీ సింహాసనము పై గూర్చున్న రాజు, కేవలము వలపునకు లోబడి యొక గ్రామమును ధారపోయునంతటి యమాయకుడై యుండునా?

945లో పట్టము గట్టుకొనిన రెండవ అమ్మరాజు అత్తిలి విషయములోని కలుచుంబర్రు గ్రామమును చామెకాంబ యను స్త్రీ నిమిత్తమై, ఆమె గురువును జైనాచార్యుడును అగు అర్హనందికి దానమిచ్చెను. ఆ తామ్రశాసనమును ఎపిగ్రాఫియా ఇండికా 7వ సంపుటమున ప్రకటించిన ఫ్లీటు పండితుడు ఆమెను గణికగాను, రాజునకు ప్రియురాలిగాను గ్రహించెను. ఆయన పాఠపరిష్కరణమునకు మనమందరము ఋణపడియున్నాము. కాని ఆ యొక్క తలపు మన చరిత్రకారులలో పెక్కురకు సిద్ధాంతమై, ఒక విదుషీమణిని అంతఃపురకథలోని పాత్రగా మార్చివేసినది. గణికాశబ్దము శాసనమున నున్నమాట నిజమే.

అయితే ఆ శబ్దమునకు ముందే శాసనకవి ఆమె పట్టవర్ధిక వంశమును జెప్పుచున్నాడు. ఫ్లీటు తగినంత విలువ నీయని యంశమిదియే. ఆగిరిపల్లి సమీపమున లభించిన మొదటి అమ్మరాజు తామ్రశాసనమును విప్పిచూడుడు. ఆ వంశమునకు మూలపురుషుడు కాలకంపుడు. వేంగీ చాళుక్యరాజ్య స్థాపకుడైన కుబ్జవిష్ణువర్ధనుని యనుచరుడై, యుద్ధమున దద్దరుని జంపి, అతని చిహ్నములను గైకొన్నవాడు. ఆ వంశీయుడే యగు భండనాదిత్యుడు రాజసేవచే మన్ననలంది, నేటి గుంటూరుగా పలువురు భావించు గొంటూరును, పండ్రెండు పల్లెలతోగూడ బడసెను. మూడు శతాబ్దములపాటు ఖడ్గముతో సింహాసనమును గాచిన యింటి యాడుపడుచు రాజసభకు వలపుతోనే వచ్చెనని యెట్లు నమ్మనగును?

దానము చేరిన చోటును గమనింపదగినది. అది సర్వలోకాశ్రయ జినభవనము యొక్క భోజనశాలను బాగుచేయుటకైనది. సర్వలోకాశ్రయుడనునది వేంగీ రాజుల బిరుదు. రాజబిరుదాంకితమగు దేవాలయమున దినదినము జనులు భుజించుశాల రాజుకీర్తిని నలుదిక్కుల జాటుశాల గాక మరేమి? ఈ రాజే విజయవాటికలోని రెండు జినాలయములకును, కమ్మనాటిలోని కటకాభరణ జినాలయమునకును గ్రామములిచ్చెను. కటకాభరణ జినాలయమును గట్టించిన దుర్గరాజు సేనానాయక కులజుడు. కావున జైనాలయములు, సేనానాయక కుటుంబములు, రాజు, ఈ మూటిని ముడివేసిన సూత్రమొకటి కలదు; చామెకాంబ ఆ సూత్రమును బట్టిన చేయి.

అమ్మరాజునకు అట్టి తోడు ఎంతయవసరమో చరిత్రయే చెప్పుచున్నది. యుద్ధమల్లుని కుమారుడు బాడపుడు రాష్ట్రకూట కృష్ణుని యండతో అతనిని వెడలగొట్టెను; సవతి యన్న దానార్ణవుడును ఆ కృష్ణుని యనుగ్రహముననే రాజ్యము గైకొనెను. అయినను అమ్మరాజు మరల వచ్చి, మొత్తము 25 సంవత్సరములు రాజనిపించుకొనెను. ఆ పునరాగమనమునకు దారి దీసినవారిలో పట్టవర్ధికులును, వారి పక్షమున చామెకాంబయు నుండిరనుట నా దృఢవిశ్వాసము. తుదకు దానార్ణవుని చేతిలోనే అతడు కూలెను. మూడేండ్లకు దానార్ణవుని జటాచోడభీముడు సంహరించెను. ఆ పిమ్మట 27 సంవత్సరములు చాళుక్యులకు వేంగి లేకపోయెను.

కావున మన పాఠ్యగ్రంథములనుండి "అమ్మరాజు ప్రియురాలు" అను మాటను తొలగింపవలయును. అర్హనంది శిష్యురాలు, పట్టవర్ధిక వంశజ, కలుచుంబర్రు దానమునకు కారకురాలు: శాసనము ఆమెకిచ్చిన పరిచయమిది.