జొన్నపిండితో పిజ్జా రోల్: ముందు చరిత్ర, తర్వాత వంట



పోయిన వారం మన గ్రూపులో ఒక చెల్లెమ్మ అడిగింది. వాళ్ళ బాబుకి గోధుమ, మైదా అస్సలు తగలకూడదని డాక్టరు చెప్పారట. వాడేమో పిజ్జా రోల్ కావాలని మారాం చేస్తున్నాడట. నాలుగు లైన్లలో జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత పొడుగైంది. రిటైరైన గుమాస్తా చేతికి ఫోను ఇస్తే ఇంతే. వంట మాత్రమే కావలసినవారు కింది భాగానికి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను.

పిజ్జా రోల్ ఇటలీది అనుకుంటాం. కాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1918లో పుట్టిన జెనో పౌలూచి అనే వ్యాపారి దాన్ని తయారుచేసి అమ్మాడు. విచిత్రమేమంటే ఆయన మొదట డబ్బు చేసుకున్నది చైనా వంటలు డబ్బాల్లో నింపి అమ్మి. ఆ చున్ కింగ్ కంపెనీని 1966లో 6 కోట్ల 30 లక్షల డాలర్లకు అమ్మేశాడు. తర్వాత చైనావాళ్ళ ఎగ్ రోల్ పొరలో పిజ్జా కూర పెట్టి చుట్టాడు. అంటే కూర ఇటలీది, చుట్ట చైనాది, ఫ్యాక్టరీ అమెరికాది. మన దేశంలో పెద్ద పిజ్జా దుకాణాలు ఢిల్లీలో, బెంగళూరులో తెరిచింది 1996లో. కాబట్టి "జొన్నతో చేస్తే అది పిజ్జా రోల్ ఎలా అవుతుంది" అని ఎవరైనా వెక్కిరిస్తే ఈ కథ చెప్పండి. పొర మార్చుకోవడం దాని పుట్టుకలోనే ఉంది.

ఇక ఆ బాబు జబ్బు సంగతి. దాని పేరు సీలియాక్. గోధుమలో, బార్లీలో, రై అనే ధాన్యంలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కొందరి చిన్న పేగు లోపలి పొరను పాడుచేస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు, పిల్లలు ఎదగరు, రక్తం తగ్గిపోతుంది. 1888లో శామ్యూల్ గీ అనే లండన్ డాక్టరు ఈ జబ్బును చక్కగా వర్ణించి రాశాడు. నయం చేస్తే తిండితోనే చెయ్యాలి అని కూడా అన్నాడు. అయితే ఏ తిండి? అది తేలడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. 1920లలో అమెరికాలో సిడ్నీ హాస్ అనే డాక్టరు పిల్లలకు అరటిపళ్ళు పెట్టి బాగుచేశాడు. నిజానికి పిల్లలు బాగుపడింది రొట్టె మానడం వల్ల. ఆ ఘనత అరటిపండు కొట్టేసింది.

అసలు సంగతి పట్టుకున్నది హాలెండ్‌లో విల్లెం డికె అనే పిల్లల డాక్టరు. ఇక్కడ మన రైల్వేవాళ్ళు కొంచెం ఆగి చదవాలి. 1944 సెప్టెంబరులో మిత్రరాజ్యాల సైన్యానికి సాయంగా, లండన్‌లో ఉన్న డచ్చి ప్రభుత్వం పిలుపు మీద, హాలెండ్ రైల్వే కార్మికులు సుమారు 30,000 మంది సమ్మెకు దిగారు. జర్మన్లు కక్షగట్టి పడమటి ఊళ్ళకు ధాన్యం రవాణా ఆపేశారు. ఆ చలికాలంలో జనం తులిప్ పూల దుంపలు తిన్నారు. 20,000 మందికి పైగా చనిపోయారు. మన 1974 సమ్మె చూసిన తరానికి సమ్మె అంటే ఏమిటో తెలుసు. కానీ ఇంత వెల కట్టిన సమ్మె ఇంకోటి నేను చదవలేదు.

ఆ కరువులో డికె ఆసుపత్రిలోని సీలియాక్ పిల్లలు మాత్రం రొట్టె లేక కుదుటపడ్డారనీ, 1945లో సాయంగా తెల్ల రొట్టె రాగానే మళ్ళీ పడిపోయారనీ కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ, కరువే ఆయనకు పాఠం చెప్పిందనడం నాకు నచ్చదు. యుద్ధానికి ముందునుంచే ఆయనకు గోధుమ మీద అనుమానం ఉంది. 1941లోనే దాని గురించి రాశాడు. పిల్లలకు ఒక్కో ధాన్యం పెట్టి, మాన్పించి, బరువులు రాసుకుని, 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో సిద్ధాంత గ్రంథం ఇచ్చాడు. ఓపికగా లెక్క రాసినవాడి విజయం అది. గుమాస్తాగా నాకు ఆ భాగమే ఎక్కువ ఇష్టం.

మన దేశంలో ఈ జబ్బు గోధుమ ఎక్కువ తినే ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణంలో చాలా తక్కువ. అందుకే ఇక్కడ చాలామంది దీన్ని మొండితనం అనో, గారాబం అనో అనుకుంటారు. ఒక ముఖ్యమైన మాట: అనుమానం ఉంటే రక్తపరీక్షకు ముందే గోధుమ మాన్పించకండి. మానేస్తే పరీక్షలో జబ్బు కనబడకపోవచ్చు. ముందు డాక్టరు, తర్వాత వంట.

ఇప్పుడు మన బీదరుకు వద్దాం. జొన్న ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ళ కిందట మన దేశానికి వచ్చింది. దాంట్లో గ్లూటెన్ లేదు. మనం జొన్నరొట్టె అంటే పక్కింటి కన్నడంవాళ్ళు జోళద రొట్టి అంటారు, ఎదురింటి మరాఠీవాళ్ళు భాకరి అంటారు, పాత బస్తీలో జవారీ కీ రోటీ అంటారు. నేను తమిళ బళ్ళో చోళం అని చదువుకున్నాను. ఇప్పుడు అక్కడ చోళం అంటే చాలామంది మొక్కజొన్న అనుకుంటున్నారు. ధాన్యం పోతే పేరు కూడా ఇంకొకరి చేతికి పోతుంది.

జొన్నను మన పెద్దలు అందరూ మెచ్చుకోలేదు లెండి. శ్రీనాథుడంతటివాడు పల్నాడు వెళ్ళి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని ఆయన పేరు మీద చాటువులే ఉన్నాయి. వరి దొరికేవాడికి జొన్న ఎప్పుడూ లోకువే.

మరి గోధుమ ఇంత ఎలా పాకింది? 1956 ఆగస్టులో మన ప్రభుత్వం అమెరికాతో పీఎల్-480 ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం ముక్కలైంది. పాత బీదరు జిల్లా కూడా ముక్కలైంది. బీదరు మైసూరుకు వచ్చింది, జహీరాబాదు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి, ఉద్గీర్ వైపు బొంబాయి రాష్ట్రానికి పోయింది. ఒకే నల్లరేగడి, ఒకే జొన్న, మూడు రాష్ట్రాలు. 1965, 66లలో వానలు లేక 1966 ఒక్క ఏడాదిలోనే సుమారు కోటి టన్నుల ధాన్యం బయటినుంచి తెచ్చుకున్నాం. సోమవారం రాత్రి భోజనం మానమని శాస్త్రిగారు అడిగింది కూడా 1965లోనే. తమిళనాడు బళ్ళలో మధ్యాహ్నం కేర్ సంస్థ ఇచ్చిన గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. నా తరంవాళ్ళు చాలామంది గోధుమ మొదట తిన్నది అలాగే. 1965 జనవరిలో పుట్టిన ఎఫ్‌సీఐ తన మొదటి జిల్లా కార్యాలయాన్ని తంజావూరులోనే తెరిచింది.

నేను గూడ్స్ ఆఫీసులో రాసిన రసీదులు తలచుకుంటే ఒకటి తెలుస్తుంది. వ్యాగన్లలో దిగేది బియ్యం, గోధుమ. జొన్న ఎడ్లబండి మీదో, ట్రాక్టరు మీదో సంతకు వచ్చి అక్కడే ఖర్చయ్యేది. రైలెక్కిన ధాన్యం రేషను దుకాణానికి చేరింది, చవకైంది. ఊళ్ళో ఉన్న ధాన్యం వెనకబడింది. అటుపక్క 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం ఇచ్చారు. పేదవాడి కడుపు నిండింది, దాన్ని నేను తప్పనను. కానీ జొన్న చేలలో ఇక్కడ సోయా వచ్చి కూర్చుంది. రొట్టె తట్టడం తెలిసిన చేతులు కూడా తగ్గాయి.

మనకు దగ్గరే, జహీరాబాదు పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి మహిళా సంఘాలు దీనికి ఎదురు నిలిచాయి. 1990ల మధ్యలో బీడు భూముల్లో జొన్న వేయించి, రైతులు అప్పును జొన్నల రూపంలోనే తీర్చేట్టు చేసి, ఆ గింజలనే ఊళ్ళోని పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ఆ ఆడవాళ్ళు చాలా ముందే ఆ పని చేశారు.

సరే, వంట.

గ్లూటెన్ అంటే పిండికి సాగుడు ఇచ్చే బంక. జొన్నకు అది లేదు కాబట్టి చన్నీళ్ళతో కలిపితే చుట్టగానే విరిగిపోతుంది. ఉపాయం మన అమ్మమ్మలదే, వేడినీళ్ళు. రెండు గ్లాసుల నీళ్ళు ఉప్పు వేసి తెర్లనివ్వండి. ఒక చెంచా ఇసబ్గోల్ పొట్టు కలిపిన రెండు గ్లాసుల జొన్నపిండి అందులో పోసి, కలియబెట్టి, మంట ఆపి పది నిమిషాలు మూతపెట్టండి. చెయ్యి ఓర్చుకునే వేడిలోనే తడిచేత్తో బాగా మదాయించండి. పిండి తాజాది కావాలి, పాతబడితే జిగి పోతుంది. చిన్న ఉండను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి పలచగా వత్తండి. కూరకు ఉల్లి, క్యాప్సికం, టమాటా తడి పోయేదాకా వేయించి, చల్లారాక పనీరో చీజో కలపండి. తడి ఉంటే రోల్ చీలుతుంది. చుట్టి, అంచులు తడిచేసి నొక్కి, పెనం మీద కొంచెం నూనెతో సన్నమంట మీద అన్ని వైపులా కాల్చండి. వేడిగా తినెయ్యాలి, చల్లారితే గట్టిపడుతుంది.

అసలు ప్రమాదం వంటలో లేదు, గిర్నీలో ఉంది. ముందు గోధుమలు పట్టిన రాయిలోనే మన జొన్నలు పోస్తే ఆ పిండి బాబుకు విషమే. కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే గ్లూటెన్ లేనిదని అమ్మకూడదని మన దేశంలో నియమం. ఆ లెక్క చూస్తే చిటికెడు మైదా కూడా ఎక్కువే. పొద్దున్నే మొదటి వాయిగా పట్టించినా రాయిలో మిగిలిన పిండి ఉంటుంది. ఇంట్లో చిన్న గిర్నీ పెట్టుకుని, దాంట్లో గోధుమ ఎప్పుడూ వెయ్యకపోవడమే మంచిది. చపాతీ కర్ర, పీట కూడా వేరుగా ఉండాలి. కొయ్య పిండిని వదలదు. బజారు ఇంగువలో చాలావాటిలో మైదా కలుస్తుంది, డబ్బా మీద చదవండి.

ఈ ఇంగువ మాట ఎందుకు ఎత్తానంటే, మన సంఘం విందుల సంగతి ఉంది. పోయిన ఉగాదికి బొబ్బట్లు మైదావి, పూరీలు సరేసరి. పులిహోరలో ఇంగువ, సాంబారులో ఇంగువ. ఆ బాబు పెరుగన్నం తిని లేచాడు. వాళ్ళమ్మ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. పిల్లవాడు ఒక్కడే కదా అనుకుంటే అనుకోవచ్చు. కానీ వచ్చే ఏడు వాళ్ళు రావడం మానేస్తే మన పట్టీలో ఒక ఇల్లు తగ్గుతుంది.

అందుకని ఈసారి ఉగాదికి పులిహోరను ఇంగువ వెయ్యకుండా, మొదటగా, గోధుమ డబ్బాలు విప్పకముందే చేయిద్దాం. వడ్డించే గరిటె వేరు, బల్ల వేరు. జొన్నలు ఐదు కిలోలు నేను తెస్తాను, పిండి మా ఇంటి గిర్నీలో పడుతుంది, దాంట్లో జొన్న, బియ్యం తప్ప ఏదీ వెయ్యం. రోల్స్ కాల్చడానికి ఇంతవరకూ వాడని పెనం ఒకటి కావాలి. ఎవరింట్లో ఉన్నా కార్యదర్శి గారికి చెప్పండి.