సాక్షి బత్తా: పెంటపాడు నుంచి ఏలూరుకు ఒక లెక్క

న్యాయస్థానం పిలిస్తే వెళ్లడం పౌరుడి బాధ్యత. మరి ఆ ప్రయాణం ఖర్చు ఎవరు భరించాలి? 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో మన సెషన్సు కోర్టుల్లో జ్యూరీకి చోటు పోయింది కనుక, మన దగ్గర ఇది ప్రధానంగా సాక్షుల ప్రశ్న. ఖజానా చెల్లించిన బత్తాను మాత్రమే లెక్కిస్తే న్యాయవిచారణకు సమాజం పెడుతున్న ఖర్చు పూర్తిగా తేలదని ఈ వ్యాసం ప్రతిపాదన.

చట్టంలో బత్తా

సివిల్ దావాలో సాక్షిని పిలిపించే పక్షమే దారిఖర్చులు, బత్తా ముందుగా కోర్టులో జమకట్టాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు చెబుతోంది. క్రిమినల్ కేసులో ఖర్చు ఇప్పించాల్సింది ప్రభుత్వం తరఫున. అయితే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 312వ సెక్షన్ గానీ, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 350వ సెక్షన్ గానీ దీన్ని కోర్టు విచక్షణకే వదిలాయి. సివిల్ సాక్షికి ముందే జమపడే సొమ్ము క్రిమినల్ సాక్షికి కోర్టు తగునని తలిస్తేనే దక్కుతుంది.

బత్తా రేట్లు, సాక్షులకు వసతి చాలడం లేదని లా కమిషన్ 14వ నివేదిక 1958లోనే ఎత్తిచూపింది. వాయిదాల మీద వాయిదాలతో సాక్షులను తిప్పడాన్ని 2000లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది.

దూరం, కూలి

ఉదాహరణకు, పెంటపాడు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు. మూడు వాయిదాలు పడి నాలుగోసారి సాక్ష్యం చెబితే రానూపోనూ 400 కిలోమీటర్లు, నాలుగు పనిదినాలు.

నాట్ల రోజుల్లో పెంటపాడులోని ఒక వ్యవసాయ కూలీకి ఏలూరు కోర్టు నుంచి సమన్లు వచ్చాయనుకుందాం. తెల్లారకముందే క్యారేజీలో అన్నం సర్దుకుని బయల్దేరుతుంది. బంట్రోతు తన పేరు ఎప్పుడు పిలుస్తాడోనని వరండా వదిలి టీకి కూడా కదలదు. సాయంత్రం వాయిదా పడిందంటారు. చేలో ఆమె వరుసలోకి ఈపాటికి ఇంకొకరు దిగి ఉంటారు. బస్సుకు టిక్కెట్టుంటుంది, పోయిన కూలికి రసీదుండదు. ప్రభుత్వ పద్దుకెక్కని ఆ ఖర్చు ఆమె ఇంటి మీద పడుతుంది.

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో హాజరైన ప్రతి రోజుకూ సాక్షికి 40 డాలర్లని చట్టమే నిర్ణయించింది. రాకపోకలకు తప్పనిసరిగా పట్టే కాలానికీ ఆ రుసుము వర్తిస్తుంది. అంటే సాక్షి హాజరైతే చాలు, రుసుము దక్కుతుంది. ఈ సూత్రం మనకూ కావాలి.

నిర్ధారణ

సాక్షులు వచ్చి ఉండగా ప్రత్యేక కారణాలు రాయకుండా వాయిదా వేయరాదన్న నియమం ఇప్పటికే ఉంది. ఆ కారణాల పక్కనే, వచ్చినవారెందరో, వారికి చెల్లించిన బత్తా ఎంతో, వారు పోగొట్టుకున్న కూలి ఎంతో కూడా నమోదు చేయాలి. అప్పుడు ప్రతి వాయిదాకూ ఎంత ఖర్చవుతోందో అందరికీ కనిపిస్తుంది. కోర్టు మాట మన్నించి పొద్దున్నే బయల్దేరిన మనిషికి రాజ్యం పడ్డ బాకీ బత్తా. ఆమె తిరుగు బస్సెక్కేలోపే అది తీరాలి.