శేషాచలం కొండల పేరిత

తిరుపతి కొండల బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ మొదట సైనికుడు. ఈస్టిండియా కంపెనీ పటాలం నుంచి మద్రాసు అటవీశాఖకు మారి, 1860 నుంచి 1882 దాకా దానికి అధిపతిగా ఉన్నాడు. పాములు, కప్పలు, ఫెర్నులు, వృక్షాలు... అడవిలో కంటబడ్డ దేన్నీ వదల్లేదు. 1883లో లండన్ క్యూ ఉద్యానవనపు వృక్షశాస్త్రవేత్త థిసెల్టన్ డయ్యర్ కడప కొండల మొక్క ఒకదానికి ఆయన పేరే పెట్టాడు: సైకస్ బెడ్డోమి. తెలుగులో అది పేరిత.

చూడగానే పొట్టి ఈతచెట్టు అనుకుంటాం. నిజానికి ఈతకూ దీనికీ చుట్టరికమే లేదు. ఇది పువ్వు పూయదు. డైనోసార్ల కాలంలో భూమంతా విస్తరించిన సైకాడ్ల వంశం దీనిది. మూడడుగుల ఆకుకు సన్నటి రెబ్బలు, వాటి అంచులు కిందికి చుట్టుకుని ఉంటాయి. రాలిన ఆకుల మొదళ్లు మాను చుట్టూ కవచంలా పేరుకుంటాయి. వేసవిలో గడ్డి అంటుకుని మంట కొండవాలంతా పాకితే ఆకులు మాడిపోతాయి, మాను బతుకుతుంది. నల్లబడ్డ ఆ మాను కొసనే మళ్లీ లేతాకులు విచ్చుకుంటాయి.

కడప, తిరుపతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ పొదకు కావలసింది చిక్కటి అడవి కాదు. రాతినేల, ఎండ, గడ్డి, మధ్య మధ్య ఎర్రచందనం వంటి చెట్లు ఉన్న బయలు కొండవాలు దాని ఇల్లు. ఇలాంటి నేలను పాడైన అడవిగా కాక సవానాగా, అంటే పలచటి చెట్లున్న గడ్డినేలగా చూడాలని పరిశోధకులు కొందరు చెబుతున్నారు. వారి మాట వినాలి. పచ్చదనం పేరుతో అక్కడ దట్టంగా మొక్కలు నాటి నీడ కమ్మిస్తే, పేరితకు అది మేలు కాదు, కీడే.

అంతకన్నా దగ్గరి ముప్పు కత్తి. పేరితలో ఆడ, మగ మొక్కలు వేరు. బలానికి మందంటూ మగమొక్క కంకిని కోసి అమ్ముతారు. పుప్పొడి రాలకముందే కంకి పోతే పక్కనున్న ఆడమొక్కకు గింజ కట్టదు. పిండి కోసం మానునే నరికినచోట ఆ మొక్క కథ అక్కడితో సరి. ఎదుగుదల నిదానం కాబట్టి పోయినదాని స్థానంలో మరొకటి రావడానికి ఏళ్లు పడుతుంది.

చట్టాలకు కొదవలేదు. 1987లో వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం దీన్ని మొదటి అనుబంధంలో చేర్చి, అడవి మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ దేశమంతటికీ కలిపి ఆరు రకాల మొక్కలకే ప్రత్యేక రక్షణ ఇస్తే, వాటిలో పేరిత ఒకటి. 2010లో పేరితకు నెలవైన శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతమైంది. అయినా అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఇది అంతరించే ముప్పున్న జాతిగానే ఉంది.

కొనేవాళ్లుంటేనే కోసేవాళ్లుంటారు. మూలికల అంగడిలో ఎవరైనా పేరిత కంకి చేతికిస్తే కొనకండి, అటవీశాఖకు చెప్పండి.